మీటకూ పట్టాకూ మధ్య

తత్త్వశాస్త్ర తరగతుల్లో యాభై ఏళ్ళకు పైగా ఒక రైలు పాయింటు నలుగుతూ వస్తోంది. 1967లో ఫిలిప్పా ఫుట్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త, అదుపు తప్పిన ట్రాం నడుపుతున్న డ్రైవరు గురించి ఒక ప్రశ్న వేశారు: ముందున్న పట్టాల మీద ఐదుగురు, పక్క దారిలో ఒక్కరు, బండిని ఎటు తిప్పాలి? 1985లో అమెరికన్ తత్త్వవేత్త జూడిత్ జార్విస్ థామ్సన్ డ్రైవరును తప్పించి, దారినపోయే మనిషినొకణ్ణి తెచ్చి పాయింటు మీట దగ్గర నిలబెట్టారు. అప్పటినుంచీ ఆ మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు. మీట లాగితే హంతకుడవుతాడా, లాగకపోతే ఐదు చావులూ అతని ఖాతాలో పడతాయా అని వాదించుకుంటూనే ఉన్నారు. ఇంత వాదంలోనూ ఒక్క సంగతిని మాత్రం దాదాపు అందరూ ముందే ఒప్పేసుకున్నారు: మీట లాగితే పాయింటు మారుతుందని. ఆ ఒప్పుకోలు చూడ్డానికి చిన్నదే. కానీ మనిషి ఎక్కడ బాధ్యుడు, ఎంతవరకు బాధ్యుడు అన్న ప్రశ్నలో మన ఆలోచన దారి తప్పేది సరిగ్గా అక్కడేనని నేనంటాను. దీనికి నేను తెచ్చే సాక్ష్యం ఏ గ్రంథాలయంలోనిదీ కాదు. మోడల్ రైళ్ళకు స్విచ్ మోటార్లను సొంతంగా తయారు చేసుకునేవాళ్ళ పనిబల్ల మీదిది.

ఇది ముఖ్యంగా బ్రిటన్, అమెరికా, జర్మనీలలో వేళ్ళూనిన అభిరుచి. లండన్‌లో 1910లో పుట్టిన మోడల్ రైల్వే క్లబ్ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ దీన్ని పిల్లల ఆటగా ఎవరూ చూడరు. హెచ్‌ఓ అనే కొలతలో బండి అసలు రైలులో 87వ వంతు ఉంటుంది, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఒక దారి రెండుగా చీలే ప్రతిచోటా పాయింటు ఉంటుంది. సూదిమొనలా సన్నగా చెక్కిన రెండు కదిలే పట్టాలు, వాటిని కలిపే ఒక చిన్న అడ్డపట్టీ, అంతే. ఆ పట్టీ ఈ పక్కకో ఆ పక్కకో జరగాల్సింది రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ మాత్రం జరపడానికి బజారులో మోటార్లు లేక కాదు. బ్రిటన్‌లో పీకో కంపెనీవి, అమెరికాలో సర్క్యూట్రాన్ వారి టార్టాయిస్ మోటార్లు పేరున్నవే. కానీ ఒక పెద్ద లేఅవుట్‌లో పాయింట్లు డజన్లకొద్దీ ఉంటాయి కాబట్టి ఖర్చు కూడా డజన్లకొద్దీ పెరుగుతుంది. అందుకని కొందరు ప్లాస్టిక్ గొట్టం మీద ఎనామిల్ పూసిన రాగి తీగను రెండు చుట్టలుగా చుట్టి, లోపల ఒక ఇనప మేకు ముక్కను అటూ ఇటూ లాగిస్తారు. కొందరు చిన్న గేరు మోటారుకు మరచుట్ల కడ్డీ బిగించి, దాని మీద నట్టును మెల్లగా నడిపిస్తారు. ఈమధ్య తొమ్మిది గ్రాముల సర్వో మోటార్లు చవగ్గా దొరుకుతుండటంతో వాటి చేతికి స్టీలు తీగ తగిలించి, బల్ల కిందినుంచి చిల్లు గుండా పైకి పంపి, పాయింటును తోయిస్తున్నారు.

మోటారును కొన్నవాడికి ఎప్పుడో గాని కనపడనిది, తయారు చేసుకునేవాడికి మొదటి రోజే ఎదురవుతుంది: మీట నొక్కడానికీ పట్టా కదలడానికీ మధ్య ఒక లోకం ఉంది. తీగచుట్టలో కరెంటు ఒక్క క్షణం పారితే ఇనుము గభాలున జరుగుతుంది. నాలుగు క్షణాలు ఎక్కువ పారితే చుట్ట కాలిపోతుంది. మీట మీద వేలు ఎంతసేపు ఉంటుందన్నది మనిషి ఓపికకూ మతిమరుపుకూ సంబంధించిన విషయం కాబట్టి దాన్ని మనిషికి వదిలిపెట్టకూడదని తెలిసిన తయారీదారు, మధ్యలో ఒక పెద్ద కెపాసిటర్ పెడతాడు. అది నింపుకున్న కరెంటునంతా ఒక్క దెబ్బలో వదిలేస్తుంది. ఆ తర్వాత వేలు ఎంతసేపు నొక్కి ఉంచినా చుట్టలోకి పోయేది నామమాత్రం. గేరు మోటారైతే ఇంకో చిక్కు. చివరికంటా వచ్చాక ఆగాలి, అంటే రెండు కొసల్లోనూ కరెంటు తెంచే స్విచ్‌లుండాలి. ఆగడమూ సరిగ్గా ఉండాలి. కదిలే పట్టా పక్క పట్టాను గట్టిగా ఆనుకోకుండా వెంట్రుకవాసి ఎడం ఉంటే, చక్రం అంచు ఆ సందులో దూరి, ముందు చక్రాలు ఒక దారిన, వెనక చక్రాలు ఇంకో దారిన పోతాయి. అందుకే తోసే తీగ మరీ బిగువుగా ఉండకూడదు, మరీ మెత్తగానూ ఉండకూడదు. పాయింటు అటూ కాక ఇటూ కాక ఉండిపోయే ఆ మధ్యస్థితి థామ్సన్ ఊహలో లేదు. పనిబల్ల మీద మాత్రం అన్నిటికంటే ముందు పలకరించేది అదే.

అన్నిటికంటే లోతైన పాఠం కంట్రోల్ ప్యానెల్ మీది దీపంలో ఉంది. పాయింటు ఎటు ఉందో చెప్పడానికి ప్యానెల్ మీద చిన్న దీపాలు పెడతారు. ఆ దీపానికి తీగ ఎక్కడినుంచి రావాలి? తేలిక దారి, మీటనుంచే ఇవ్వడం. ఎడమకు నొక్కితే ఎడమ దీపం వెలుగుతుంది. అప్పుడు ఆ దీపం చెప్పేది మనం ఏం అనుకున్నామో అదే. పట్టా ఏం చేసిందో అది కాదు. కాస్త కష్టపడితే, పట్టాతో పాటు కదిలే ఒక బుల్లి స్విచ్‌ను పాయింటు దగ్గరే బిగించి, దీపాన్ని దాని చేత వెలిగించవచ్చు. రెండు ప్యానెళ్ళూ పైకి ఒకేలా ఉంటాయి. పాయింటులో ఒక గులకరాయి ఇరుక్కున్న రోజున మొదటిది అబద్ధం చెబుతుంది, రెండోది చెప్పదు. ఉద్దేశానికీ కర్మకూ మధ్య తేడాను ఇంతకంటే తేటగా చూపించే వస్తువు నాకు తెలియదు. మంచి చేద్దామనుకున్నాను, చేశాను అని మనం చెప్పుకునే మాటల్లో ఎన్నింటికి తీగ మీటనుంచి వస్తోందో, ఎన్నింటికి పట్టానుంచి వస్తోందో ఎవరికి వారు చూసుకోవలసిందే.

భగవద్గీత 18వ అధ్యాయంలో ఈ మధ్యలోకానికి ఒక లెక్క ఉంది. ఏ కర్మ అయినా నెరవేరడానికి ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, రకరకాల కరణాలు, వేరువేరు చేష్టలు, ఐదోది దైవం. ఆ వెంటనే, ఇలా ఉండగా తానొక్కడే కర్త అనుకునేవాడు సరిగా చూడటం లేదని కూడా అంటుంది. శంకరులు అధిష్ఠానమంటే శరీరమని, కరణాలంటే ఇంద్రియాలని వ్యాఖ్యానించారు. ఆ పరిధిని దాటించి ఇంట్లో చేసిన స్విచ్ మోటారుకు దీన్ని అన్వయిస్తే శాస్త్రానికి అపచారం జరుగుతుందని నేననుకోను. బల్ల, దాని మీద పరిచిన పట్టాలు అధిష్ఠానం. మీట నొక్కేవాడు కర్త. చుట్ట, తీగ, స్ప్రింగు, కెపాసిటర్ కరణాలు. కరెంటు పారడం, ఇనుము జరగడం చేష్టలు. వానాకాలపు తేమకు ప్లైవుడ్ ఉబ్బి చిల్లు బిగిసిపోవడమో, ఎక్కడినుంచో రేణువు వచ్చి పడటమో ఐదోది. థామ్సన్ నిలబెట్టిన మనిషి కథలో ఈ ఐదింట్లో ఒక్క కర్త మాత్రమే ఉన్నాడు. మిగతా నాలుగూ మాట్లాడకుండా, తప్పకుండా, తక్షణం పనిచేసేస్తాయి. అలాంటి ప్రపంచంలో ధర్మం మొత్తం ఒక్క క్షణంలోకి, ఒక్క చేతిలోకి కుదించుకుపోవడంలో వింతేముంది?

ఇక్కడ గీతను బాగా చదివినవారు నన్ను ఆపుతారు, ఆపడం న్యాయమే. ఐదు కారణాలు చెప్పింది కర్తృత్వ భారాన్ని తగ్గించడానికి గాని పెంచడానికి కాదు. 'నేను చేశాను' అన్న అహంకారం లేనివాడికి కర్మ అంటదని అక్కడే ఉంది కదా, నువ్వేమో దాన్ని తిప్పి బాధ్యతను బల్ల కిందిదాకా పాకిస్తున్నావు అంటారు. ఆ అధ్యాయం అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ ఆక్షేపణకు జవాబుండేది కాదు. కానీ కర్త ఒక్కడే కారణం కాదని చెప్పిన తర్వాత, గీత కర్తను వదిలిపెట్టలేదు. మరో పన్నెండు శ్లోకాలు తిరిగేలోపు కర్మనూ కర్తనూ మూడేసి రకాలుగా విడగొట్టి పరీక్షిస్తుంది. పర్యవసానమేమిటో, నష్టమెంతో, ఎవరికి హాని జరుగుతుందో, తనకా పని చేసే శక్తి ఉందో లేదో చూసుకోకుండా మొదలుపెట్టిన కర్మను తామసం అంటుంది. మనసు పెట్టనివాణ్ణి, సోమరిని, నేటి పనిని రేపటికి సాగదీసేవాణ్ణి తామస కర్త అంటుంది. ఈ జాబితాలో ఒక్కటీ మీట లాగే క్షణానికి చెందినది కాదు. అన్నీ అంతకు ముందటివే: చూసుకోవడం, లెక్క కట్టుకోవడం, వాయిదా వేయకపోవడం. తీసేసింది 'నేనొక్కణ్ణే' అన్న గర్వాన్ని. ఉంచింది ముందుచూపు బాధ్యతను. ఆ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కాదు. తన చేత్తో చుట్ట చుట్టినవాడికి 'అంతా నేనే' అనే ధైర్యం ఎలాగూ మిగలదు. అలాగని 'నాదేమీ లేదు' అని తప్పుకోవడమూ కుదరదు.

రెండో ఆక్షేపణ తత్త్వవేత్తల వైపునుంచి వస్తుంది. ఊహాప్రయోగం కావాలనే సరళంగా ఉంటుంది. భౌతికశాస్త్రజ్ఞుడు రాపిడి లేని తలాన్ని ఊహించినట్టు మేం తప్పని మీటను ఊహించాం. గులకరాళ్ళ కబుర్లు చెప్పి దాన్ని ఓడించలేవు అంటారు. నిజమే, ఓడించలేను. ఫుట్ అడిగినది చంపడానికీ చావనివ్వడానికీ తేడా ఏమిటని. ఆ ప్రశ్నకు అలాంటి మీట చాలు. కానీ రాపిడి లేని తలం మీద లెక్కలు చేసిన భౌతికశాస్త్రజ్ఞుడు, రోడ్డు మీద బ్రేకు వేసేటప్పుడు రాపిడిని మళ్ళీ లెక్కలోకి తెస్తాడు. ధర్మచర్చలో ఆ తిరిగి తేవడం జరగడం లేదన్నదే నా ఫిర్యాదు. డ్రైవరు లేని కారు ఎవరిని గుద్దాలి అన్న చర్చలు చూడండి. చివరి క్షణంలో అది ఎవరిని ఎంచుకోవాలన్న దాని గురించి ఎంత ఆసక్తి! దాని బ్రేకులను, కెమెరాలను, తీగలను ఎవరు ఎప్పుడు సరిచూశారన్న దాని మీద అందులో పదో వంతు కూడా ఉండదు.

ఆ అనాసక్తి ఖరీదు తెలియనిది కాదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్‌లో, షాలిమార్ నుంచి విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ మీద పచ్చ సిగ్నల్ పడింది. పాయింటు మాత్రం లూప్ లైన్ వైపు ఉంది. లూప్‌లో గూడ్సు బండి ఆగి ఉంది. 290 మందికి పైగా చనిపోయారు. ఆ సాయంత్రం ఎవరి ముందూ ధర్మసంకటం లేదు, ఐదుగురా ఒక్కరా అని ఎవరూ ఎంచుకోలేదు. డ్రైవరు సిగ్నల్‌ను నమ్మాడు. నమ్మడమే అతని విధి. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది, సిగ్నల్ సర్క్యూట్‌లో గతంలో చేసిన మార్పుల్లోనూ, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు పని చేసేటప్పుడూ లోపాలు జరిగాయని. ప్యానెల్ దీపానికి తీగ ఎక్కడినుంచి ఇవ్వాలన్న ప్రశ్నే అది, భయంకరమైన కొలతలో. పట్టా నిజంగా ఎటు ఉందో అది చెప్పకుండా, ఎటు ఉండాలో అదే సిగ్నల్ చెప్పింది. తప్పు తీగలు కలిపినప్పుడు ఆ చేతికి ఎదురుగా బండి లేదు, జనం లేరు, తొందర లేదు. తత్త్వవేత్త ఆ చేతిని 'నైతిక క్షణం' అనడు, ఎందుకంటే అక్కడ ఎంపిక కనపడదు. పని మాత్రమే కనపడుతుంది.

మోడల్ రైలుకూ ఇంత పెద్ద మాటలకూ పొంతనేమిటని కూడా అడగవచ్చు. బల్ల మీద బండి పడిపోతే చేత్తో ఎత్తి మళ్ళీ పెట్టుకుంటారు. ఎవరి ప్రాణమూ పోదు. ప్రాణభయం లేని చోట ధర్మమేమిటి? నాకైతే అదే దాని విలువ. దండన లేని చోట మనిషి ఎంత శ్రద్ధ చూపిస్తాడన్నది అతని స్వభావానికి పరీక్ష. పైగా ఇంగ్లండులో ఈ అభిరుచికీ చర్చి గురువులకూ చుట్టరికం ఎక్కువ. థామస్ అనే నీలం ఇంజను కథలు రాసిన రెవరెండ్ డబ్ల్యూ. ఆడ్రీ సంగతి చాలామందికి తెలుసు. అంత తెలియనివారు రెవరెండ్ పీటర్ డెనీ. 1940ల నుంచి దశాబ్దాల తరబడి 'బకింగ్‌హామ్ బ్రాంచ్' అనే లేఅవుట్‌ను దాదాపు అంతా సొంత చేతులతో కట్టుకుంటూ పోయారాయన. పక్క సిగ్నల్ క్యాబిన్ పని చూసే కొడుకు క్రిస్పిన్ ఇంట్లో లేనప్పుడు ఆట ఆగిపోకుండా, ఆ పని చేయడానికి ఒక యంత్రాన్ని తయారు చేసి 'ఆటోమేటిక్ క్రిస్పిన్' అని పేరు పెట్టారు. గంట కొట్టి బండిని ఒప్పుకునేది, పంపేది ఆ యంత్రమే. అలా ఒప్పుకుంటున్నది ఎవరు? యంత్రం కాదు, దానికేమీ తెలియదు. కొడుకు కాదు, అతను ఊళ్ళోనే లేడు. ఆ క్షణంలో తన క్యాబిన్ దగ్గర ఉన్న డెనీ కూడా కాదు, ఆయన జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. ఒప్పుకున్నది ఎప్పుడో తీరిగ్గా కూర్చుని, ఏ బండి తర్వాత ఏ గంట మోగాలో ఆలోచించి బిగించిన డెనీ. నిర్ణయం మాయం కాలేదు, ముందుకు జరిగింది. తొందరలో చేయాల్సిన దాన్ని తొందర లేని వేళకు తరలించడమే యంత్ర నిర్మాణంలోని నీతి అని నాకు అనిపిస్తుంది. రైల్వేలో ఇంటర్‌లాకింగ్ చేసిన పని కూడా ఇదే. 1856లో జాన్ సాక్స్‌బీ పేటెంట్ తీసుకున్న ఏర్పాటులో, పాయింటూ సిగ్నలూ ఒకదానితో ఒకటి పొసగకుండా మీటలు కదలవు. తప్పు చేయవద్దని సిగ్నల్‌మన్‌కు ఉపదేశించడం మాని, తప్పు చేసే వీలు లేకుండా చేశారు. బ్రిటన్‌లో 1889 నాటికి గాని అది చట్టం కాలేదు.

అయితే మోటారు కొనుక్కున్నవాడికి బాధ్యత లేదా, అందరూ రాగి తీగ చుట్టుకోవాలా అంటే, అక్కర్లేదు. అన్నీ చేత్తో చేసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ తీగను ఎనామిల్‌లో ముంచింది కూడా ఎవరో ఒకరే. కొన్నవాడి బాధ్యత పరీక్షించడంలో ఉంటుంది. నేను గొప్ప చేస్తున్నది స్వహస్త శిల్పాన్ని కాదు, అది నేర్పే చూపును. ఆ చూపు వేరే దారిలో వచ్చినా సరే.

మిగిలింది అన్నిటికంటే బరువైన ఆక్షేపణ. బాధ్యతను ఇలా చుట్టలకూ తీగలకూ, చేసినవాడికీ సరిచూసినవాడికీ పంచుకుంటూ పోతే చివరకు ఎవరికీ ఏమీ మిగలదు. అందరి తప్పూ ఎవరి తప్పూ కాకుండా పోతుంది. అధికార యంత్రాంగాలు ఈ పంపకాన్ని ఎంత చక్కగా వాడుకుంటాయో మనకు తెలియనిది కాదు. 1915 మే 22న స్కాట్లండ్‌లోని క్వింటిన్‌షిల్ దగ్గర తన క్యాబిన్ కళ్ళ ముందే ఆగి ఉన్న బండిని సిగ్నల్‌మన్ మరిచిపోయి, దాని మీదికి సైనికుల రైలును రానిచ్చాడు. రెండు వందల మందికి పైగా చనిపోయారు. లైను మీద బండి ఉందని గుర్తు చేసుకోవడానికి మీటకు ఒక ఇనప కడియం తగిలించాలన్న నియమం ఉంది, తగిలించలేదు. ఇద్దరు సిగ్నల్‌మన్లు జైలుకెళ్ళారు. కారణాలు ఐదు గదా అని వాళ్ళను వదిలేయాలని నేననను. కడియం చేతికందే దూరంలో ఉంది, తగిలించడం వాళ్ళ పని. కానీ వాళ్ళ శిక్షతో లెక్క తీరిపోయిందనుకుంటే, అదే రకం మరుపు మరో క్యాబిన్‌లో అలాగే కాచుకుని ఉంటుంది. పట్టా మీద బండి ఉంటే దాని ఇరుసు గుండానే కరెంటు పారి సిగ్నల్‌ను ఆపేసే ట్రాక్ సర్క్యూట్ అప్పటికే కనిపెట్టి ఉంది; అక్కడ మాత్రం లేదు. బాధ్యత అనేది ఇంత ముద్ద అని ఉండి, పంచుకుంటే తరిగిపోయేది కాదు. కడియం తగిలించనివాడి బాధ్యత పూర్తిగా అతనిదే, సర్క్యూట్ పెట్టనివారిది పూర్తిగా వారిదే. ఒకరిది రెండోవారిదాన్ని తగ్గించదు.

అదే 18వ అధ్యాయం చివరికొచ్చేసరికి ఒక యంత్రం కనపడుతుంది. ఈశ్వరుడు సర్వప్రాణులనూ యంత్రం మీద ఎక్కించినట్టు మాయతో తిప్పుతున్నాడన్న మాట అక్కడిదే. అంతా ముందే బిగించి ఉంటే ఇక మీట నొక్కేవాడి ఇష్టమేమిటి అని నిరాశ పడేవాళ్ళకు అది పెద్ద ఆసరా. అయితే ఆ తర్వాత రెండో శ్లోకంలోనే కృష్ణుడు అర్జునుడితో, ఇదంతా చక్కగా ఆలోచించి నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అంటాడు. యంత్రం మాటనూ ఇష్టం మాటనూ ఇంత దగ్గరగా పెట్టడంలో పొరపాటు లేదు. యంత్రంలో మనం ఉండటమూ నిజం, యంత్రాన్ని మనం చేయడమూ నిజం. మరి ఐదో కారణమైన దైవం ఎక్కడ మొదలవుతుంది? శంకరులు దాన్ని కన్ను మొదలైన ఇంద్రియాలకు తోడుండే ఆదిత్యాది దేవతలన్నారు. రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మ అన్నారు. ఆ భేదాన్ని తీర్చే అర్హత నాకు లేదు. పనిబల్ల వైపునుంచి చూస్తే మాత్రం ఒకటి కనపడుతుంది: ఆ సరిహద్దు ఉన్నచోట ఉండదు. ఒకప్పుడు మనిషి మరుపు దాదాపు దైవం పద్దులోదే, వస్తుంది, ఆపలేం. ఇరుసు గుండా కరెంటు పారించడం తెలిసిన నాటినుంచి అదే మరుపు కరణాల పద్దులోకి వచ్చి చేరింది, దానికి జవాబు చెప్పవలసినవాడు ఒకడు ఏర్పడ్డాడు. ప్లైవుడ్ తేమకు ఉబ్బుతుందని ఒక్కసారి చూసినవాడు, రెండో వానాకాలంలో పాయింటు బిగుసుకుంటే దైవం అనలేడు.